గూడు లేని వాళ్లు కట్టిన రంగస్థలం

కనుమ పండగ వచ్చిందంటే ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో ఎంత సందడో అక్కడి ఆడపడుచులకు వేరే చెప్పక్కర్లేదు. అహోబిలం నరసింహస్వామి కొండ దిగి, పల్లకీ ఎక్కి, పారువేటకు బయల్దేరతాడు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. గుడిదాకా రాలేని ముసలమ్మ గుమ్మం ముందుకీ, కూలి మానుకుంటే పొయ్యి వెలగని తల్లి దగ్గరికీ స్వామే నడిచి వస్తాడు. అన్నాళ్లూ దేవుడికి సొంత ఇల్లు లేనట్టే. ఏ ఊళ్లో దిగితే అదే ఇల్లు!

దేవుడంటే వస్తాడు. మరి ఆటా పాటా, నాటకం ఎవరి దగ్గరికి వస్తాయి?

నంద్యాల రైల్వే స్టేషను దగ్గరో బస్టాండు అరుగుల మీదో రాత్రిపూట గోనెసంచి పరుచుకుని పడుకునే వాళ్లను మనమంతా చూస్తూనే ఉంటాం. పండక్కీ పబ్బానికీ పులిహోర పొట్లమో, చలికాలంలో పాత దుప్పటో ఇస్తాం. మంచిదే. అన్నం పెట్టడం ఈ నేలకు కొత్త కాదు. 1866 కరువులో ఊళ్లు వదిలి వచ్చిన వాళ్లను కడుపులో పెట్టుకుని ఆదుకున్న ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారి పేరు ఇప్పటికీ జనం పాటల్లో వినిపిస్తుంది. కానీ అదే బస్టాండుకు నాలుగడుగుల దూరంలో ఏదైనా హాల్లో నాటకం జరుగుతుంటే, ఆ అరుగుమీది అమ్మను లోపలికి వచ్చి కూర్చోమని మనలో ఎవరం పిలిచాం? ఆకలి ఒక్కటే ఆమెకు ఉంటుందనుకుంటాం. నవ్వాలనీ, కథ వినాలనీ, ఏ సీతమ్మ కష్టమో చూసి తన కష్టం కాసేపు మర్చిపోవాలనీ ఆమెకు ఉండదా?

ఈ ప్రశ్నకు మన సీమలోనే, నూటనలభై ఏళ్ల కిందటే ఒక మనిషి తన బతుకుతో జవాబు చెప్పాడు. సొంత ఇల్లంటూ లేని సంచార కుటుంబంలో పుట్టి, తెలుగు నాటకాన్ని ఊరూరికీ మోసుకెళ్లిన ఆ మనిషి పేరు వనారస గోవిందరావు. సురభి నాటకాలకు ఆద్యుడు ఆయనే.

బొమ్మలే బతుకు

వనారస వాళ్లు మరాఠీ మూలాలున్న కుటుంబాలు. తరాల కిందట మహారాష్ట్ర వైపు నుంచి దక్షిణానికి వచ్చి తెలుగు నేలమీద తిరుగుతూ బతికారు. వాళ్ల కులవృత్తి తోలుబొమ్మలాట. మేకతోలో, జింకతోలో పలచగా గీకి, రంగులద్ది, చిన్న చిన్న చిల్లులు పొడిచి బొమ్మ చేస్తారు. తెల్లటి తెర కట్టి, వెనకాల ఆముదం దీపం పెడితే రాముడూ సీతా హనుమంతుడూ రంగు నీడలై ఆడతారు. మధ్యమధ్య కేతిగాడూ బంగారక్కా వచ్చి జనాన్ని పగలబడి నవ్విస్తారు. తెల్లవార్లూ ఆట!

ఇక్కడ ఆడవాళ్లం గమనించాల్సిన సంగతి ఒకటుంది. తోలుబొమ్మలాట ఇంటిల్లిపాదీ చేసే పని. మగవాళ్లు రావణుడికి గొంతిస్తే, ఆడవాళ్లు సీతకూ మండోదరికీ గొంతిచ్చేవారు. చంకలో బిడ్డ, చేతిలో బొమ్మ, నోట్లో పద్యం... అన్నీ ఒక్కమనిషివే. జనానికి మాత్రం వాళ్లు కనపడరు. తెరకు ఇవతల వినిపించేది గొంతు ఒక్కటే.

గోవిందరావు పెరిగింది ఇలాంటి ఇంట్లో. ఇల్లు అంటే నాలుగు గోడలు కాదు. బొమ్మల పెట్టె, వంట సామాను, ఒక బండి. ఆట బాగా సాగిన ఊళ్లో నాలుగు రోజులు ఎక్కువ ఉంటారు, సాగకపోతే తెల్లారేసరికి సర్దుకుంటారు.

కాలం కూడా కలిసొచ్చేది కాదు. 1876 నుంచి 1878 వరకు వచ్చిన ధాత కరువు సీమను తుడిచిపెట్టింది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క కర్నూలు జిల్లాలోనే సుమారు నాలుగోవంతు జనం తగ్గిపోయారు. ఊరికే దిక్కులేనప్పుడు ఊరుమీద ఆధారపడిన ఆటగాళ్ల గతి ఏమిటి? దానికితోడు తిరుగుబోతు కులాలంటే సర్కారుకు అనుమానం. 1871లోనే కొన్ని సంచార జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కగట్టే చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఇల్లు లేకపోవడమే ఒక తప్పయిపోయిన కాలమది. ఆ కాలంలో ఊరు బయట గుడారం వేసుకున్న కుటుంబాన్ని జనం కళాకారులుగా చూడాలంటే, వాళ్ల విద్య ఎంత గొప్పదై ఉండాలి!

తెర వెనక నుంచి తెర ముందుకు

అప్పుడే జనం అభిరుచి కూడా మారుతోంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్లు తెలుగు నేలమీద తిరిగి, రంగుల తెరలతో నాటకాలాడి అందర్నీ ఆకట్టుకున్నారు. పార్సీ కంపెనీల హంగులూ జనానికి తెలిశాయి. దీపం వెలుగులో నీడలు చూసిన కళ్లకు ఇప్పుడు నిజం మనుషులు కావాలి. తోలుబొమ్మలాటకు గడ్డురోజులు మొదలయ్యాయి.

కడప జిల్లాలో సురభి అనే పల్లె ఉంది. పాత పేరు సొరుగు. 1885లో ఆ ఊళ్లో ఒక పెళ్లి సందర్భంలో వనారస వాళ్లు ఆటకు సిద్ధమయ్యారు. ఈసారి బొమ్మలు పెట్టెలోనే ఉండిపోయాయి. గోవిందరావు, వనారస చిన్నరామయ్యతో కలిసి, తమవాళ్లకే వేషాలు కట్టించి ‘కీచకవధ’ ఆడించాడు. బొమ్మ చేసే పని మనిషి చేశాడు. జనం మెచ్చుకున్నారు. ఆ ఊరి పేరే వాళ్లకు ఇంటిపేరులా అతుక్కుపోయింది. సొంత ఊరంటూ లేని కుటుంబానికి ఒక పల్లె తన పేరు ఇచ్చింది. ఇంతకంటే పెద్ద దానం ఏముంటుంది!

తెలుగులో నాటక సమాజాలు అప్పుడప్పుడే పుడుతున్నాయి. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి సరసవినోదిని సభ మొదలైంది ఆ మరుసటి ఏడే, 1886లో. అది చదువుకున్న వాళ్ల సభ. వకీళ్లూ ఉద్యోగస్తులూ సాయంత్రం పని ముగించుకుని వచ్చి నాటకం ఆడేవారు. ఆట అయ్యాక ఎవరిళ్లకు వాళ్లు వెళ్లేవారు. సురభి వాళ్లకు అలా వెళ్లడానికి వేరే ఇల్లు లేదు. ఆడిన పాకలోనే వంట, ఆ పక్కనే పడక.

ఆడవేషం ఆడవాళ్లదే

గోవిందరావు నాటకంలో అసలు విశేషం ఇదే. ఆ రోజుల్లో స్టేజీమీద ఆడవేషం వేసేది మగవాళ్లే. స్థానం నరసింహారావుగారు ఆడవేషాలతోనే జగమంత పేరు తెచ్చుకున్నారు, 1956లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. ఆడవాళ్లు రంగస్థలం ఎక్కాలని బళ్లారి రాఘవగారు ఎంతో పట్టుబట్టాల్సి వచ్చింది. సంసార స్త్రీ నాటకమాడితే వెలివేసినట్టు చూసే లోకం అది.

సురభిలో మాత్రం తొలి తరంలోనే ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. దానికి పెద్ద ఉపన్యాసాలేమీ అవసరం కాలేదు. బొమ్మలాటలో తెర వెనక సీతకు గొంతిచ్చిన చెయ్యీ నోరూ ఇప్పుడు తెర ముందుకొచ్చాయి, అంతే. తండ్రి హిరణ్యకశిపుడైతే కొడుకు ప్రహ్లాదుడు. అత్త సత్యభామ అయితే కోడలు రుక్మిణి. స్టేజీమీద ఉన్నదంతా ఒకే కుటుంబం కాబట్టి భయం తగ్గింది. లోకం నోరు మాత్రం మూతపడలేదు. రాత్రి సావిత్రిని చూసి దండం పెట్టినవాళ్లే పగలు ఆమె నీళ్లకొస్తే మొహం తిప్పుకునేవారు. అయినా ఆ ఆడవాళ్లు మరుసటి రాత్రి మళ్లీ మొహానికి రంగు వేసుకునేవారు.

వాళ్ల రోజు ఎలా ఉండేదో ఊహించుకోండి. పొద్దున్నే అందరికీ వంట. మధ్యాహ్నం చిరిగిన పట్టుబట్టలకు కుట్లు, కిరీటాలకు మెరుగు, పిల్లలకు పద్యాలు నేర్పడం. కాగితం చూసి నేర్పడం కాదు, నోటితో చెప్పి నోటితో అప్పజెప్పించుకోవడం. సాయంత్రమయ్యేసరికి బిడ్డకు పాలిచ్చి, పక్కనున్న ఆమెకు అప్పజెప్పి, ద్రౌపదిగా సభలోకి అడుగుపెట్టాలి. సీను అవగానే మళ్లీ బిడ్డ. మనం ఇప్పుడు ఇల్లూ ఉద్యోగమూ రెండూ చూసుకోవడం కష్టమంటున్నాం కదా, వాళ్లకు ఇల్లూ ఉద్యోగమూ రెండూ ఒక్క పాకలోనే!

సురభి కమలాబాయి పుట్టుక గురించి నాటకాలవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తల్లి వెంకూబాయి నిండు గర్భిణిగా దమయంతి వేషం వేసి ఆడుతుండగానే నొప్పులు మొదలయ్యాయట. ఆ వేదికమీదే కమలాబాయి పుట్టిందట. పురిటికి వెళ్లడానికి ఆ తల్లికి వేరే గది ఏదీ? వినడానికి వింతగా ఉన్నా, ఇల్లు లేకపోవడమంటే ఏమిటో ఆడదానికి తెలిసినంతగా మగవాడికి తెలియదని ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

పదిమంది కూతుళ్లు... ఎన్నో సమాజాలు

గోవిందరావుకు ముగ్గురు కొడుకులు, పదిమంది కూతుళ్లు. ఆ కాలంలో పదిమంది ఆడపిల్లలంటే గుండెలమీద కుంపట్లని జాలిపడేవారు. ఈయన ఇంట్లో సంగతి వేరు. ఆడపిల్లకు పద్యం వచ్చు, హార్మోనియం శ్రుతి తెలుసు, జనం ముందు నిలబడి మాట్లాడే ధైర్యం ఉంది. పెళ్లయి సంసారం పెరిగిన కొద్దీ ఒక్కో కుటుంబం ఒక్కో నాటక సమాజమైంది. అలా కూతుళ్లూ అల్లుళ్లూ, కొడుకులూ కోడళ్లూ, మనవలూ కలిసి సురభి పేరును తెలుగు నేల నాలుగు చెరగులా పరిచారు. ఒక దశలో ముప్పైకి పైగా సురభి సమాజాలు ఏకకాలంలో తిరిగాయి. ఆడపిల్ల ఇంటికి బరువు అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు ఆ రోజుల్లో ఇంకెవరిచ్చారు?

ఈ సమాజాలు ఎక్కడికెళ్లినా ఒకటే పద్ధతి. ఊరి చివర ఖాళీ స్థలంలో పాక లేస్తుంది. ముందు కుర్చీలు, వెనక బెంచీలు, ఆ తర్వాత నేల. నేల టికెట్టు కొన్నవాడూ, కుర్చీ టికెట్టు కొన్నవాడూ చూసేది ఒకే మాయాబజారు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరెళ్లడం, బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు చిమ్మడం, నారదుడు మేఘాల్లోంచి దిగిరావడం... ఇవన్నీ నేలమీద కూర్చున్నవాడికి కూడా అంతే అద్భుతం. ఊరి జనమే కాదు, బండ్లు తోలేవాళ్లూ, సంతకొచ్చినవాళ్లూ, కూలికోసం ఊళ్లు తిరిగేవాళ్లూ అందరూ ఆ నేలమీదే సర్దుకునేవారు. రాత్రికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి కూడా ఆ నాలుగు గంటలూ దర్జాగా ప్రేక్షకుడు.

ఇందులో దయాధర్మం ఏమీ లేదు. గోవిందరావు కుటుంబానికీ డబ్బులు కావాలి, పొయ్యి వెలగాలి. కానీ తాము ఇల్లులేని వాళ్లు కాబట్టి, చూసేవాడికి ఇల్లుందా అని అడగాలని వాళ్లకు తోచలేదు. అదే పెద్ద సంగతి.

మన అహోబిలం కథే!

ఆళ్లగడ్డ వాళ్లు గర్వపడాల్సిన ముచ్చట ఇంకొకటుంది. స్తంభంలోంచి నరసింహస్వామి వచ్చాడని మనం నమ్మే చోటు అహోబిలం. ఉగ్రస్తంభం చూడ్డానికి ఇప్పటికీ జనం కొండెక్కుతారు. ఆ కథనే ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు నాటకంగా రాశారు, సురభి వాళ్లు ఊరూరా ఆడారు. హెచ్.ఎం.రెడ్డిగారు తెలుగులో మొట్టమొదటి టాకీ తియ్యాలనుకున్నప్పుడు ఆయన చూపు సురభివాళ్లమీదే పడింది. వాళ్లను బొంబాయి పిలిపించి తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. అందులో లీలావతి ఎవరనుకున్నారు? స్టేజీమీద పుట్టిన కమలాబాయే! గుడారంలో కళ్లు తెరిచిన పిల్ల తెలుగు సినిమాకు తొలి కథానాయిక అయింది. ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లిగా కూడా ఆమెను మన అమ్మమ్మలు చూసే ఉంటారు.

విచిత్రమేమిటంటే, సురభి చెయ్యి పట్టుకుని నడక నేర్చిన సినిమాయే తర్వాత సురభి పాకల్ని ఖాళీ చేసింది. ఊరికో టూరింగ్ టాకీసు వచ్చింది. తర్వాత టీవీ వచ్చింది. సమాజాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పిల్లలకు ఏ ఊళ్లోనూ నిలకడగా బడి లేక చదువులు సరిగ్గా సాగలేదు. గాలివానకు పాక కూలితే ఆ పూట అన్నం లేదు. నాటకం గొప్పదని పొగిడేటప్పుడు దాని వెనక ఇంత కష్టం ఉందని మర్చిపోకూడదు.

అయినా దీపం ఆరలేదు. 1937లో మొదలైన సురభి వెంకటేశ్వర నాట్యమండలి నిలబడింది. హైదరాబాదు శేరిలింగంపల్లిలో సురభి కాలనీ వచ్చింది. తరాలుగా తిరిగిన కుటుంబాలకు ఒక వీధి, ఒక ఇంటి నంబరు దొరికాయి. ప్రసిద్ధ దర్శకుడు బి.వి.కారంత్ వాళ్లతో కలిసి కొత్త నాటకాలు చేయించారు. వాటిలో ‘బస్తీ దేవత యాదమ్మ’ జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపం. తలదాచుకోవడానికి చోటు వెతుక్కుంటూ దేవుళ్లు ఊళ్లోకి వస్తే, పెద్దపెద్ద ఇళ్లవాళ్లు తలుపులు మూసుకుంటారు. ఒక పేద ఆడది చోటిస్తుంది. గోవిందరావు వారసులకు ఆ కథ కొత్తగా నేర్పాల్సిన పనేముంది! 2013లో సురభి నాగేశ్వరరావుగారికి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది ఈ కుటుంబం ఫ్రాన్సు దాకా వెళ్లి నాటకాలాడి వచ్చింది.

మన వంతు

గోవిందరావు పోయి దశాబ్దాలు గడిచాయి. ఆయన చూపిన దారి మాత్రం ఇప్పుడు లోకం కొత్తగా కనిపెడుతోంది. లండన్‌లో 1991లో కార్డ్‌బోర్డ్ సిటిజన్స్ అనే నాటక బృందం పుట్టింది. ఇల్లులేక వీధిన పడ్డవాళ్లే అందులో నటులు. వాళ్లు ఆశ్రయ గృహాలకే వెళ్లి ఆడతారు. చూసేవాళ్లు మధ్యలో లేచి, నేనైతే ఇలా చేసేదాన్నని స్టేజీ ఎక్కి కథను మార్చవచ్చు. అహ్మదాబాదులో నేరస్తులన్న ముద్రను మోసిన ఛారా జాతి యువకులు 1998లో బుధన్ థియేటర్ పెట్టుకుని తమ కథలు తామే ఆడుతున్నారు. ఈ ఇద్దరికీ సురభికీ పరిచయం ఉండనక్కర్లేదు. గూడు లేనివాడికి చెప్పుకోవాల్సిన కథ ఉంటుందన్న ఎరుక ఒక్కటే.

మన దేశంలో పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ గృహం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 లెక్కల్లోనే నంద్యాల జనాభా రెండు లక్షలు దాటింది. ఆశ్రయమంటే మంచం, నీళ్లు, మరుగుదొడ్డి. ఇవి తప్పకుండా కావాలి, వీటి తర్వాతే ఏదైనా. కానీ వాటితోనే మనిషి అవసరాలు తీరిపోయాయని తలుపు వేసేస్తే, ఆ మనిషిని పశువుల కొట్టంలో కట్టేసినట్టే.

ఇందుకు కోట్లు అక్కర్లేదు. మీ వీధిలో వినాయకచవితికో, శ్రీరామనవమికో హరికథో నాటకమో పెట్టిస్తే, కుర్చీల వరస వెనక నాలుగు చాపలు ఎక్కువ వేయించండి. బస్టాండు అరుగుమీది అమ్మను ఒక మాట పిలవండి. మీ మహిళా మండలి ఏడాదికి ఒక్కసారి తన పాటల కార్యక్రమాన్ని ఆశ్రయ గృహంలో పెట్టుకుంటే పోయేదేముంది? అక్కడున్న వాళ్లచేత కూడా ఒక పాట పాడించండి. ఎవరి గొంతులో ఏ పద్యం దాగుందో మనకేం తెలుసు? తోలుబొమ్మల తెర వెనక అన్ని గొంతులున్నాయని, వాళ్లు తెర ముందుకొచ్చేదాకా లోకానికి తెలిసిందా?

వచ్చే కనుమకు ఆళ్లగడ్డ వీధుల్లో స్వామి పల్లకీ ఆగినప్పుడు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇల్లు వదిలి ఊళ్లు తిరిగే దేవుడికి మనం హారతి పడతాం. ఇల్లే లేకుండా ఊళ్లు తిరిగి మనకింత వినోదం పంచిన మనిషిని, ఆయన పదిమంది కూతుళ్లనూ కూడా ఆ హారతి వెలుగులో తలుచుకుందాం. పక్కన చీకట్లో నిలబడి చూస్తున్న వాళ్లకు కాస్త జరిగి చోటిద్దాం.